ఒంటికి తగ్గ గుడ్డ

"గుడ్డదేముందండీ, మనసు మంచిదైతే చాలు" అనే మాట చాలామంది నోట విన్నాను. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరు కూడా గుడ్డ మూలంగా అవమానపడ్డవాళ్ళు కాదు. పెద్దకులపాయన చిరుగు చొక్కా వేసుకుని తిరిగితే నిరాడంబరుడంటారు. అదే చొక్కా మావాడేస్తే "వీళ్ళింతే" అంటారు. పోనీ ఇస్త్రీ చొక్కా వేస్తే "వీడికి ఒళ్ళు బలిసింది" అంటారు. ఒకే గుడ్డకి రెండు తీర్పులు. అందుకే ఏం కట్టుకోవాలనేది మాకు షోకుకి సంబంధించిన సంగతి కాదు. అదొక నీతి ప్రశ్న. నా ఒంటి మీద అధికారం ఎవరిది అనే ప్రశ్న.

ఈ వ్యాసంలో నేను చర్చకి పెట్టేది చూడ్డానికి చాలా చిన్న సంగతి. ఒక ఎక్సర్‌సైజు క్లాసుకి ఏం వేసుకుని వెళ్ళాలి? కారంచేడు, చుండూరు చూసిన జాతికి ఇదొక సమస్యా అని కార్యకర్త సోదరులు నవ్వొచ్చు. నవ్వండి. కానీ 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపడానికి ముందు నడిచిన గొడవ సినిమాహాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైందని గుర్తుపెట్టుకోండి. ఒక ఒళ్ళు ఇంకో ఒంటి పక్కన ఎట్టా కూర్చోవాలి, ఏం కట్టుకుని కూర్చోవాలి అన్నది ఈ దేశంలో ఎప్పుడూ చిన్న సంగతి కాలేదు.

నాకు నడుం నొప్పి. పదేళ్ళుగా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. బందరు నుంచి గుడివాడ వైపు రోజూ రైలూ ఆటోలూ. డాక్టరు మాత్రలు ఆపి వ్యాయామం చెయ్యమంది. బందరులో ఒకావిడ మేడ మీద ఆడవాళ్ళకి పిలాటిస్ నేర్పుతుంటే చేరాను.

పిలాటిస్ అనేది ఒక మనిషి పేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసంతోనూ ఎముకల బలహీనతతోనూ బాధపడ్డాడంటారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో ఉన్నాడు. శత్రుదేశం వాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ తను చేస్తూ తోటి బందీల చేత చేయించిన కసరత్తులే ఈ విద్యకి మూలం. తర్వాత న్యూయార్కు పోయి స్థిరపడ్డాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. ఆయన 1967లో పోయాడు, మనిషి పేరే విద్యకి నిలిచింది. ఆ పేరు మా సొంతమని కోర్టుకెక్కినవాళ్ళకి, అది ఎవరి సొంతమూ కాదని 2000లో న్యూయార్కు కోర్టు తీర్పు చెప్పింది. నాకిది నచ్చింది. పుట్టుకలో రాజమహలు లేదు, గురుపీఠం లేదు. కట్టేసిన మనుషుల ఒళ్ళు చచ్చిపోకుండా కాపాడుకోడానికి పుట్టిన విద్య.

చాప మీద వెల్లకిలా పడుకుని వెన్నుపూసల్ని ఒక్కొక్కటే పైకి లేపాలి. పొట్టని లోపలికి పట్టి ఉంచాలి. ఊపిరి పక్కటెముకల్లోకి పోవాలి. బరువులెత్తే పని కాదు, వెన్ను ఎక్కడ వంగింది, తుంటి ఎటు ఒరిగింది అని చూసి సరిదిద్దుకునే పని. అందుకని బట్టల గురించి మొదటిరోజే చెప్పింది నేర్పే ఆవిడ. వెనక జిప్పు గానీ ముడి గానీ బొత్తాం గానీ ఉండకూడదు, వెన్ను చాప మీద దొర్లేటప్పుడు గుచ్చుకుంటది. చొక్కా మరీ వదులైతే కాళ్ళు పైకెత్తినప్పుడు జారి మొహం మీద పడుద్ది. మోకాలు, చీలమండ ఎటు తిరుగుతున్నాయో తనకి కనపడాలి. నడుం దగ్గర బిగుతు ఉండకూడదు. పాదాలకి ఏమీ ఉండకూడదు, లేకపోతే కింద రబ్బరు చుక్కలున్న జారని మేజోళ్ళు.

ఆవిడ చెప్పిన దాంట్లో కులం లేదు, మానం మర్యాద లేవు. వెన్నెముక ఉంది. కానీ ఇంటికొచ్చి బీరువా తలుపు తీసేసరికి అవన్నీ వచ్చి కూర్చున్నాయి.

చీర ఉంది. చీరలో లంగా బొందు సరిగ్గా ఊపిరి పోవాల్సిన చోటే బిగిసి ఉంటది. కాళ్ళెత్తితే ఇంక చెప్పేదేముంది. చుడీదారు ఉంది. చున్నీ తీస్తే చుడీదారు ఎందుకు, ఉంచితే క్లాసెందుకు? నైటీ ఉంది. మా కోస్తాలో ఆడదాని ఒళ్ళు కాస్త గాలి పీల్చుకునేది నైటీలోనే, దాని మీద కూడా తువ్వాలు కప్పుకునే వాకిట్లోకొస్తాం. ఇంక మిగిలింది ట్రాక్ ప్యాంటు, టీషర్టు. గుడివాడలో ఒక కొట్లో అడిగితే "పాపకా మేడం?" అన్నాడు. నాకే అన్నాను. అతను నన్ను పైనుంచి కిందకి చూసి, మగవాళ్ళ వైపు అరలోంచి తీసిచ్చాడు.

అమ్మకి ఫోన్లో చెప్పాను. అమ్మ దివిసీమలో ఉంటది, నాగాయలంక మండలంలో. "టీచరమ్మవి. పదిమందిలోకి ఎల్లేటప్పుడు మంచి చీర కట్టుకో. మనల్ని ముందు గుడ్డే పలకరిచ్చుద్ది" అంది. అమ్మ మాట కొట్టిపారెయ్యటానికి లేదు. గుడ్డ ఎట్టా పలకరిస్తదో అమ్మకి తెలిసినంత నాకు తెలీదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పన్నెండేళ్ళు. దివిసీమలో ఆ ఒక్క రాత్రి పోయినవాళ్ళు లెక్కల ప్రకారమే వేలమంది. నీళ్ళు తీసిన తెల్లారి బతికి బయటపడ్డవాళ్ళ ఒంటి మీద గుడ్డ లేదు. తుమ్మచెట్లు పట్టుకుని బతికినవాళ్ళ గుడ్డలు ముళ్ళకి చీలికలయ్యి పోయాయి. తర్వాత లారీల్లో పాత బట్టలొచ్చాయి. ఎక్కడెక్కడివాళ్ళో పంపారు, వాళ్ళకి దణ్ణం. కానీ ఎవరి చేతికి ఏది తగిలితే అదే. అమ్మకి ఒక మగపిల్లాడి నిక్కరు, ఎవరో పెద్దావిడ పట్టు రవిక దొరికాయంట. అమ్మమ్మకి నడుం పట్టని లంగా. "సలికి కప్పుకున్నాం గానీ కట్టుకున్నట్టు లేదే" అని అమ్మమ్మ చెప్పేది. నాకు తెలిసిన తత్వశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కప్పుకోడం వేరు, కట్టుకోడం వేరు. కప్పుకోడానికి గుడ్డ ఉంటే చాలు. కట్టుకోడానికి ఎంచుకునే హక్కు ఉండాలి.

ఉప్పెన రాని రోజుల్లో కూడా మావాళ్ళకి ఆ హక్కు ఎక్కడుంది? ఆసామి పాత పంచె ఇస్తే తాత కట్టాడు. అది కూడా మోకాలు దాటకూడదు. ఊళ్ళోంచి పోయేటప్పుడు భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకోడానికి ఏళ్ళ తరబడి కొట్లాడారు. చివరికి 1859లో రాజు ఒప్పుకున్నాడు. ఎట్టా ఒప్పుకున్నాడు? కప్పుకోండి గానీ పెద్దకులాల ఆడవాళ్ళు కప్పుకున్న తీరులో మాత్రం వద్దు అని. కప్పుకోడం ఇచ్చి, కట్టుకోడం దాచుకున్నాడు. అమ్మమ్మ చెప్పిందీ ఇదే.

ఇక్కడే మనకి ఇద్దరు పెద్దమనుషులు గుర్తుకొస్తారు. 1921 సెప్టెంబరులో మధురైలో గాంధీ చొక్కా టోపీ వదిలి కొల్లాయి కట్టాడు. పేదవాడిలా ఉండాలని. అంబేద్కర్ సూటు వేశాడు. 1927 డిసెంబరులో మహద్‌లో ఆడవాళ్ళతో మాట్లాడుతూ, మిమ్మల్ని అంటరానివాళ్ళని గుర్తుపట్టేట్టు చేసే చీరకట్టూ నగలూ వదిలెయ్యండని చెప్పాడు. విన్న ఆడవాళ్ళు కట్టు మార్చారు. గాంధీ వదులుకున్న చొక్కా ఆయనదే, కాబట్టి వదులుకోగలిగాడు. లేని చొక్కాని వదులుకోడం ఎట్టా? పేదరికాన్ని ఎంచుకోడం ఒక గొప్ప. పేదరికంలో పుట్టినవాడికి ఎంచుకోడానికి మిగిలింది సూటే. సూటు దొరలకి అనుకరణ అని వెక్కిరించేవాళ్ళు ఈ తేడా చూడరు. ఆ సూటు లేకపోతే మా నాన్న కాలరున్న చొక్కా వేసుకునేవాడు కాదు. నేను గంజి పెట్టిన చీరలో స్టాఫ్‌రూములో కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని కాదు.

అయితే ఇక్కడ ఆగిపోలేను. సూటుకి ఒక బరువుంది. అది ఎదటివాడి కంటికి జవాబు. ఎప్పుడూ ఎదటివాడి కంటికి జవాబు చెప్తా బతికితే నా ఒంటికి నేను జవాబు చెప్పేదెప్పుడు? అమ్మ చెప్పిన మంచి చీర బళ్ళో నా సూటు. దాన్ని గౌరవిస్తాను. కానీ చాప మీద పడుకుని వెన్నుపూస లెక్కపెట్టుకునేటప్పుడు కూడా అదే నిరూపణ మోసుకుపోవాలా?

ఆడవాళ్ళ గుడ్డ మీద మన సాహిత్యంలో ఒక వాదన నడిచింది. జయప్రభ "పైటను తగలెయ్యాలి" అని కవిత రాసింది. ఆడదాన్ని సిగ్గుతో కట్టిపడేసే గుడ్డగా పైటని చూసింది. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత దానికి ఇంకో వైపు చూపించింది. పని చేసే దళిత స్త్రీకి కొంగు రొమ్ము మీద కాపలా కాదు, చెమట తుడిచేది, తిండి మోసేది, పనిలో తోడుండేది. నేను ఇద్దర్నీ చదువుకున్నాను. నాకు రెండోదే మా వాకిలి. అయితే నా సందు వేరు. నేను పొలంలో లేను. కొంగు నాకు పనిముట్టు కాదు. ఉద్యోగం వచ్చాక నాకు అది పిన్నీసు పెట్టిన కాపలాయే అయింది. చదువుకుని పైకొచ్చిన దళిత స్త్రీకి గూడెంలో లేని ఒక కొత్త సిగ్గు జీతంతోపాటు వస్తది. దాని గురించి మనం మాట్లాడుకోవాలి.

మాట్లాడుకుంటే అమ్మ దగ్గరే జవాబు దొరికింది, అమ్మ చెప్పిన మాటలో కాదు, చేసిన పనిలో. ఊడ్పులప్పుడు అమ్మ ఏం వేసుకునేది? చీర మోకాళ్ళ పైకి ఎగదోపి, దాని మీద నాన్న పాత పొడుగు చేతుల చొక్కా. తలకి తువ్వాలు. ఆకు కొయ్యకుండా చేతులు కప్పాలి, బురద పట్టకుండా కాళ్ళు వదలాలి, వంగినప్పుడు ఏదీ అడ్డం పడకూడదు. కృష్ణా డెల్టాలో ఊడ్చే ఆడవాళ్ళంతా ఇదే కట్టు. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చూపడానికి కాదు. పనికి ఏది తగ్గితే అది. అందులో మగ గుడ్డేది ఆడ గుడ్డేది అన్న పట్టింపే లేదు. ఒంటిని ఎరిగినవాళ్ళు ఎంచుకున్న గుడ్డ అది. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆసామికి ఆ మోకాళ్ళు అభ్యంతరం కాలేదు. వాళ్ళ నాట్లు పడుతున్నంతసేపూ మా ఆడవాళ్ళ కాళ్ళు ఎంత పైకి కనపడ్డా మర్యాద చెడలేదు. సాయంత్రం ఊళ్ళోకి వచ్చేటప్పుడు మాత్రం అమ్మ ఆ చొక్కా విప్పి బుట్టలో పెట్టి, చీర కిందకి దించుకునేది.

అంటే మోకాలు తప్పు కాదు. ఎవరి పని కోసం మోకాలు కనపడిందన్నదే లెక్క. పరాయి పొలం కోసం వంగిన నడుం మీద ఎవరికీ నీతి గుర్తురాదు. అదే నడుం తన కోసం తాను వంగి లేస్తే గుర్తొస్తది.

నేను క్లాసుకి పోతున్న సంగతి తెలిసి స్టాఫ్‌రూములో ఒకామె అంది: "మీకెందుకు టీచర్ ఇవన్నీ? మీవాళ్ళది కష్టం చేసిన ఒళ్ళు, గట్టిగా ఉంటది. ఇట్టాంటివి మాబోటివాళ్ళకి గానీ." పొగడ్తలాగే అంది. నేను చెప్పాను: మా అమ్మ ఒళ్ళు గట్టిదే. ముప్పయ్యేళ్ళు వంగి ఊడ్చింది. ఇప్పుడు నిటారుగా నిలబడలేదు. గట్టిగా ఉండే ఒళ్ళు అరగదని ఎవరన్నారు? పనిముట్టు గట్టిగా ఉంటే చాలు, దానికి నొప్పి ఉండదు. మనిషికి ఉంటది. కష్టం చేసిన ఒళ్ళుకి విశ్రాంతి, సంరక్షణ అక్కర్లేదనే మాటలో మమ్మల్ని పనిముట్టు చేసిన పాత లెక్కే ఉంది. ఆమె ఆ తర్వాత ఏం మాట్లాడలేదు.

ఇదంతా పెద్దకులాల మీదే తోసేసి చేతులు దులుపుకోలేం. 2018లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటికి ఆవలివైపు తోకలపల్లి అనే ఊళ్ళో, ఆడవాళ్ళు పగటిపూట నైటీలతో బయటికొస్తే 2,000 రూపాయలు జరిమానా అని ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టారు. చూసి చెప్పినవాళ్ళకి 1,000 రూపాయలు. అదీ కష్టజీవుల ఊరే. మన గూడేల్లో జరిమానా లేదు గానీ కళ్ళున్నాయి. ఆదివారం గుడికి తెల్లచీరలో పోతే మెచ్చే కళ్ళే, సోమవారం ట్రాక్ ప్యాంటులో మెట్లెక్కితే "ఉద్యోగం వచ్చాక మారిపోయింది" అంటాయి. తెల్లచీర మనవాళ్ళు ఎంతో పోరాడి తెచ్చుకున్న మర్యాదే. కానీ పరాయివాడి కట్టుబాటు విప్పి మనవాడి కట్టుబాటు చుట్టుకుంటే ఒంటికి వచ్చిన స్వేచ్ఛ ఏమిటి?

సర్కారు కట్టుబాటు ఇంకో రకం. 2025 మే, జూన్ నెలల్లో యోగాంధ్ర అని రాష్ట్రమంతా యోగా చేయించారు. జూన్ 21న విశాఖ సముద్రం ఒడ్డున ప్రధానమంత్రితో కలిసి లక్షలమంది చేశారు. మేమూ బడి ఆవరణలో చేశాం. మగ టీచర్లు ప్యాంట్లతో హాయిగా వంగారు. మేము ఒక చేత్తో చున్నీ పట్టుకుని, ఒక చెయ్యే ఎత్తి చేశాం. ఒళ్ళు వంచమని అందరూ చెప్పారు. ఆడమనిషి ఏ గుడ్డతో వంచాలో ఎవరూ మాట్లాడలేదు. ఆరోగ్యం హక్కు అంటే దానికి కావాల్సిన గుడ్డ కూడా హక్కే కదా.

నేను ట్రాక్ ప్యాంటు, పొడుగు టీషర్టే వేసుకుని పోతున్నాను. పక్క చాప మీద ఎవరున్నారో, వాళ్ళదే కులమో నాకక్కర్లేదు. నా కులం తెలిసి ఎవరన్నా చాప జరుపుకుంటే అది వాళ్ళ వెన్ను జబ్బు. ఎండాకాలం సెలవల్లో అమ్మకి కూడా పడుకుని చేసేవి నాలుగు నేర్పాను. నైటీలోనే చేసింది. "నా జన్మలో నా కోసం ఇంతసేపు పడుకోవడం ఇదే" అంది.

విద్యార్థులకీ కార్యకర్తలకీ నేను చెప్పేది ఏమిటంటే, ఏ గుడ్డ ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నాకు ఎవరైనా అంటగట్టిందా? ఇది ఎవరికైనా రుజువు చూపడానికా? ఇది నా ఒంటి పనికి తగ్గిందా? మొదటిదానికి అవునంటే కొట్లాడాలి. రెండోదానికి అవునంటే సిగ్గుపడక్కర్లేదు, ఇంకా రుజువులు అడిగే లోకం ఉన్నంతకాలం సూటు మన ఆయుధమే. కానీ మూడో ప్రశ్న వేసుకునే తీరుబాటు మన ప్రతి ఒక్కరికీ రావాలి. అది కొద్దిమంది జీతగాళ్ళ సొత్తుగా మిగిలిపోతే మనం గెలిచినట్టు కాదు.

ఎందుకంటే బందరులోనూ గుడివాడలోనూ తెల్లారకముందే రోడ్లూడ్చే మా అక్కచెల్లెళ్ళకి చీర మీద వేసుకోమని ఒక కోటు ఇస్తారు. అమ్మ వేసుకున్న నాన్న చొక్కాకి అది దగ్గర చుట్టమే. తేడా ఒక్కటే. అమ్మ తను ఎంచుకుంది. వీళ్ళ భుజాల కొలత ఎవరైనా అడిగారా? వంగితే ఎక్కడ పట్టేస్తుందో అడిగారా? మా బళ్ళో ఎనిమిది దాటిన ఆడపిల్లలు ఆటల పీరియడ్లో గోడవారగా నిలబడి చున్నీలు సర్దుకుంటా ఉంటారు. ఏం వేసుకుంటే పరిగెత్తగలరో వాళ్ళనెవరైనా అడిగారా? నేను అడిగాను. "ప్యాంటూ టీషర్టూ టీచర్" అని ఒకే గొంతుతో చెప్పారు. స్టాఫు మీటింగులో ఆ మాట పెట్టాను. తల్లిదండ్రులు ఒప్పుకోరన్నారు. తల్లిదండ్రులంటే ఎవరు? ఆ పిల్లల తల్లుల్లో సగంమంది ఈ ఊడ్పులకి చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని పొలంలో ఉన్నవాళ్ళే. వాళ్ళని అడుగుదాం రమ్మన్నాను.